ఎర్రరంగు తీసేసిన రోజు

మా సిస్టమ్స్ మేనేజరు గారికి కంప్యూటరంటే తెర. ఆ తెర వెనకాల కూడా ఏదో ఉంటుందన్న అనుమానం ఆయనకి జన్మలో ఒక్కసారైనా వచ్చి ఉండదు. ఇన్నేళ్ళ తరవాత తలుచుకుంటే కోపం తగ్గి ఉండాలి. కోపం తగ్గింది కూడా. మిగిలింది ఏవగింపు, దాన్ని దాచుకోవాల్సిన అవసరం నాకేమీ కనిపించడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. అరకులో, కొండ రైతుల దగ్గర కాఫీ కొనే ఒక సంఘంలో నేను ప్రోగ్రామర్ని. విజయనగరం పక్క పల్లెనుంచి కంప్యూటర్ డిప్లొమా పట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కినదాన్ని. సంఘానికి ఉన్నది ఒక రేకుల గొడౌను, దానికి ఆనుకుని ఒక ఆఫీసు గది, ఆ గదిలో ఒక కంప్యూటరు. దానిమీద దుప్పటి కప్పి, పొద్దున్నే అగరొత్తి వెలిగించడం మేనేజరు గారి మొదటి పని. చాలా రోజులు అదే చివరి పని కూడా.

కాఫీ కొనుగోలుకి ఒక ప్రోగ్రాం రాయాల్సి వచ్చింది. చేయాల్సిన పని చిన్నది. రైతు బస్తా తెస్తాడు. గుప్పెడు గింజలు మీటర్లో పోస్తే తేమ ఎంతుందో అంకె వస్తుంది. ఆ అంకె హద్దు దాటితే కాఫీ పచ్చిదన్నమాట, తీసుకెళ్ళి మళ్ళీ ఆరబెట్టుకోమని పంపించేయాలి. దాటకపోతే తీసుకోవాలి. ఇంతే నియమం. దీన్ని ఒక మూల విడిగా, దాని మానాన దాన్ని రాసుకుని, తెరని వేరేగా చేసుకుందాం సార్ అన్నాను. అప్పుడు తెరని ఎన్నిసార్లు మార్చినా నియమం కదలదని కూడా చెప్పాను.

"విడిగా రాస్తే అది ఎవరికి కనపడతాదమ్మా?" అన్నారాయన.

"ఎవరికీ కనపడదు సార్. అందుకే విడిగా."

"కనపడని పనికి జీతం ఎవడిస్తాడు?" అని నవ్వి, చుట్టూ ఎవరన్నా విన్నారా అని చూసుకున్నారు. అంత తెలివైన మాట వృథా అయిపోతుందని ఆయన బెంగ.

తెర మాత్రం ఆయనే స్వహస్తాలతో గీశారు. పైన కొండలు, కొండల మీద సూర్యుడు, సొరంగంలోంచి బయటికొచ్చే రైలు. కింద 'సుస్వాగతం' అని కుడినుంచి ఎడమకి పరిగెత్తే అక్షరాలు. నమస్కారం పెట్టే రెండు చేతులు. ఇన్నిటి మధ్య ఎక్కడో తేమ అంకె కొట్టడానికి అగ్గిపెట్టంత గడి. అంకె హద్దు దాటితే ఆ గడి ఎర్రగా మారాలి. అంతవరకూ బానే ఉంది. ఆ తరవాత ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, కాఫీని తీసుకోవాలా వద్దా అని తేల్చే బటన్ తేమ అంకెని చూడదు, గడి రంగుని చూస్తుంది. ఎర్రగా ఉంటే వెనక్కి, ఎర్రగా లేకపోతే లోపలికి. ఇంటి తాళంచెవిని గుమ్మానికి కట్టిన మావిడాకుల తోరణంలో గుచ్చినట్టుంది సార్ ఇది, పండగ అయ్యాక తోరణం పీకి పారేస్తే చెవి కూడా పోతుంది అన్నాను. ఆయనకి తోరణం అన్న మాట మాత్రం నచ్చింది. మర్నాటికి తెర మీద మావిడాకుల తోరణం వెలిసింది.

పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ కొందరు మనుషుల గురించి అంటుండేది. ఒక ప్రోగ్రాం గురించి కూడా ఆ మాట అనాల్సొస్తుందని నేను అనుకోలేదు.

ఆ ఏడాది సంఘం ఒక మాటిచ్చింది. సీజన్లో పోసే మొదటి రాశి మా దగ్గర కొనేవాళ్ళకి నచ్చితే, ఆ రాశిలో కాఫీ పోసిన ఊళ్ళకి సిమెంటు కల్లం కట్టిస్తామని. కొండల్లో కాఫీ ఆరబెట్టడమంటే మట్టి నేల మీద బరకాలు పరవడమే. పొద్దెక్కేదాకా మంచు, సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ మంచు. మధ్యలో వచ్చే ఎండ కోసం ఇంటిల్లిపాదీ కాపు కాయాలి. సిమెంటు కల్లం ఉంటే నేల చెమ్మ అంటదు, గింజకి మట్టివాసన పట్టదు. కల్లం ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా ఏమిటో మైదానంలో పుట్టిన నాకు కూడా మొదటి సీజన్లోనే అర్థమైపోయింది.

పెదబయలు పైన ఉన్న ఒక ఊరినుంచి ఒకావిడ వచ్చేది. ఆ ఊళ్ళో కాఫీ పండించే ఆడవాళ్ళకి ఆవిడ పెద్ద. నేను అక్కా అన్నట్టు అప్పా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను పిల్లా అన్నట్టు గుంటా అనేది. అంతకుముందు ఏడాది వాళ్ళ బస్తాలు పచ్చివని వెనక్కి పంపించేశారు. పచ్చివే, ఆవిడ కాదనలేదు. ఈసారి మాత్రం పంతం పట్టింది. సంతలో కలిసినప్పుడు చెప్పింది:

"ఈ ఏడు ఒక్క గింజ పచ్చిది దొరికినా మా ఊరు మొకం సూడకు. కల్లం మాకే రావాల. మా గుంటలు మట్టిలో గింజలేరుకోడం ఇంక సాలు."

మొదటి రాశి పోసే రోజుకి ఒక పెద్దాఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. ముందొక పోలీసు జీపు, వెనకొక పోలీసు జీపు. అప్పట్లో ఏజెన్సీలో తిరిగే పెద్దవాళ్ళందరూ అలాగే వచ్చేవారు, అడవిలో ఎవరున్నారో అందరికీ తెలుసు, ఎవరూ పేరు పెట్టి అనేవారు కాదు. ఆ కబురు విన్న మేనేజరు గారికి రాత్రి నిద్ర పట్టలేదట. తెర గుర్తొచ్చిందట. తెర మీద ఎరుపు గుర్తొచ్చిందట. పోలీసుల కాపలాలో వచ్చే ఆఫీసరు ముందు, ఈ కొండల్లో, ఎర్రరంగు వెలిగితే ఏమనుకుంటారు? మనకి వాళ్ళతో సంబంధాలున్నాయనుకోరూ?

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. ఆయనే స్వయంగా నాతో అన్నారు, గర్వంగా, ముందుచూపు గల మనిషి అనే మాటలాగా. నేను ఆఫీసుకి వెళ్ళేసరికి పని అయిపోయింది. తెల్లారకుండా వచ్చి ఎరుపు తీసేసి పసుపు పెట్టేశారు.

"పసుపు శుభం కదమ్మా. పైవాళ్ళక్కూడా ఇష్టం."

ఏ ఎండకా గొడుగు పట్టే చెయ్యి ఆయనది. "సార్, బటన్ ఎరుపు కోసం చూస్తుంది. ఎరుపే లేకపోతే అన్నీ లోపలికే" అన్నాను. బయట జీపుల హారన్లు వినిపించాయి. ఆయన నా మాట సగంలో ఒదిలేసి దండ తీసుకుని పరిగెత్తారు.

అప్పటికే గొడౌను ముందు బస్తాలు బారులు తీరి ఉన్నాయి. మా సంఘంలో ఒక పద్ధతుండేది. పాసైన కాఫీని సంచుల్లో ఉంచరు. ఖాళీ సంచులు రైతుకి తిరిగిచ్చేయాలి గనక, గొడౌను నేలమీద ఒకే రాశిగా పోసేస్తారు. ఒకసారి పోశాక ఎవరిది ఎవరిదో దేవుడికి కూడా తెలీదు. మొదట వచ్చినవి సంతల్లో తిరిగి కొనే ఒక దళారీ బస్తాలు. గింజ చేత్తో పట్టుకుంటేనే చల్లగా తగిలింది. మీటరు అంకె హద్దు దాటి ఎక్కడో ఉంది. గడిలో కొట్టాను. గడి పసుపుపచ్చగా మెరిసింది. బటన్ నొక్కమన్నారు మేనేజరు గారు. నేను కదలకపోతే తనే వంగి నొక్కారు. 'స్వీకరించబడింది' అని తెర నిండా అక్షరాలు, వెనక చప్పట్ల మోత. చప్పట్లు కూడా కంప్యూటర్లోవే, ఆయన ఎక్కణ్ణించో తెచ్చి పెట్టినవి. ఆఫీసరు గారు ముచ్చటపడి తను కూడా చప్పట్లు కొట్టారు.

"సార్, ఇది పచ్చి కాఫీ" అన్నాను.

"నవ్వుతూ ఉండమ్మా, ఫొటో తీస్తున్నారు."

కూలీలు బస్తాలు మోసుకెళ్ళి రాశి పోసేశారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన హాయిగా అందులో కూర్చుని తనే అంకెలు కొట్టడం మొదలుపెట్టారు. ప్రతి బస్తాకీ పసుపు, ప్రతి బస్తాకీ చప్పట్లు.

తరవాతి వరస అప్ప వాళ్ళది. నేను వరండాలోకి వెళ్ళి చెప్పాను. లోపల పోసింది పచ్చిదని, దానిమీద మీది పోస్తే మీది కూడా బూజు పడుతుందని, యంత్రం ఇవాళ అన్నిటికీ సరే అంటుందని. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"మాది సూసినావా?"

"చూశాను. ఎండినదే. హద్దుకి చాలా కింద ఉంది."

"అయితే పొయ్యం" అని తన బస్తాల మీద ఎక్కి కూర్చుంది. ఆవిడతో వచ్చిన ఆడవాళ్ళు కూడా తలో బస్తా మీద కూర్చున్నారు.

కూలీలు ఆగిపోయారు. చప్పట్లు ఆగిపోయాయి. ఆఫీసరు గారు బయటికొచ్చి ఏమిటి సమస్య అన్నారు. అప్పుడు మా మేనేజరు గారు అన్న మాట చచ్చేదాకా మరిచిపోను.

"ఏం లేదు సార్. కొండవాళ్ళు కదా సార్, కంప్యూటర్ చూస్తే భయం."

అప్ప నవ్వింది. "బయమేటి బాబూ, నాను దాని ముందరే ఉన్నాను కదా. ఆ పచ్చి దాంట్లో మా కాపీ పొయ్యం. మీటరెట్టి సూడండి."

మీటరు ఆఫీసరు గారి పక్కనే బల్ల మీద ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆయన చాపలేదు. కిటికీలోంచి తెర వంక చూసి, "సిస్టమ్ ఓకే అంటోంది కదా" అని వాచీ చూసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకోవడం తప్ప ఆ రోజు ఆ మనిషి చేత్తో చేసిన పని నాకు కనపడలేదు. భోజనాల వేళయింది. జీపులు వెళ్ళిపోయాయి. అప్ప వాళ్ళు బస్తాలు తిరిగి తాము వచ్చిన బాడుగ జీపులో వేసుకుని కొండెక్కిపోయారు. కల్లం పోయిందని వాళ్ళకి తెలుసు. ఎవరూ ఏడవలేదు, ఒకావిడ మాత్రం గొడౌను గుమ్మంలో ఉమ్మేసి వెళ్ళింది. నేనూ ఉమ్మాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

రాశి లోపల వేడెక్కింది. కొద్ది రోజుల్లో గొడౌను తలుపు తీస్తే పుల్లటి వాసన కొట్టింది. గింజల మీద తెల్లటి బూజు. కొనేవాళ్ళకి నమూనా పంపాల్సిన గడువు దగ్గరపడుతోంది. కొండవాళ్ళకి ఆరబెట్టడం రాదని మేనేజరు గారు ముందు అందరితో అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇంకొన్నాళ్ళు అనేవారే, గానీ పంపడానికి ఎండిన కాఫీ కావాలి. అది కొండల మొత్తంలో ఎక్కడుందో ఆయనక్కూడా తెలుసు.

ఇద్దరం జీపులో వెళ్ళాం. ఊళ్ళో బస్తాలు అటక మీద పెట్టి, కింద సన్నగా పొయ్యి సెగ తగిలేలా కాచుకున్నారు. మేనేజరు గారు చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి, సంఘం మీకు మరో అవకాశం ఇస్తోందని మొదలుపెట్టారు. అప్ప ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు.

"నువ్వు ఆగు బాబూ. ఓ గుంటా, నువ్వు సెప్పు. మాదాన్ని యేరేగా పోత్తారా?"

"వేరేగానే పోస్తాం అప్పా. ముందు మీటరు పెట్టి నేనే చూస్తాను."

"కల్లం?"

నేను మేనేజరు వంక చూశాను. ఆయన తలూపారు. మాటతో చెప్పమంది అప్ప. ఊరంతా వింటుండగా కల్లం కట్టిస్తామని ఆయన నోటితో అనిపించాకే అటక మీదికి నిచ్చెన వేయించింది.

తిరుగు దారిలో ఆయన తల దించుకుని చెప్పుల వంక చూస్తూ కూర్చున్నారు. సిగ్గుపడుతున్నారని ఒక్క క్షణం భ్రమపడ్డాను. మలుపు దాటాక గొంతు సవరించుకుని, "తెర మీద రైలు తీసేసి ఆ ఊరి బొమ్మ పెడదామమ్మా. ఎరుపు కూడా మళ్ళీ పెట్టెయ్" అన్నారు.

పెట్టాను. ఊరి బొమ్మ పెట్టాను, ఎరుపు పెట్టాను, ఆయన అడిగిందల్లా పెట్టాను. ఆ పనిలో పనిగా నియమాన్ని తెరలోంచి ఊడదీసి విడిగా, దాని మానాన దాన్ని రాసుకున్నాను. ఇప్పుడది అంకెని చూస్తుంది, రంగుని కాదు. ఆయనకి చెప్పలేదు. తరవాత ఎంతమంది ఆఫీసర్లు వచ్చినా ఆయన తెరని నీలమన్నారు, ఆకుపచ్చన్నారు, జెండా రంగులన్నారు. పచ్చి కాఫీ మాత్రం ఒక్క బస్తా లోపలికి పోలేదు.

నమూనా నచ్చింది, కల్లం కట్టారు. ప్రారంభం రోజున మేనేజరు గారు కల్లం మీదికెక్కి మైకు పట్టుకుని, ఈ విజయానికి కారణం మన సంఘం కొత్త తెర అన్నారు. సిమెంటు ఇంకా చల్లగానే ఉంది. అప్ప గింజలు పరుస్తూ నన్నడిగింది.

"ఏటి సెప్తన్నాడే?"

"తెర బాగుందంటున్నాడు అప్పా."

"అలగా" అంది ఆవిడ. "ఆడి నీడ గింజల మీద పడతంది. బేగి దిగమను."