పాస్టరమ్మ గారి పొడుగాటి ప్రార్థన

మా పాస్టరమ్మ గారు పోయారని మంగళవారం పొద్దున్న సంఘం వాట్సాప్ గ్రూపులో చూశాను. "ప్రభువునందు నిద్రించారు" అని ఒక్క ముక్క, దాని కింద ఎవరిదో గుడ్‌మార్నింగ్ పువ్వు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది. ఆ మనిషితో నాకు ఇంకా సగం పోట్లాట మిగిలే ఉంది.

ఆవిడతో వేగడం తేలిక కాదండీ. బందరులో ఏ ఇంటికెళ్లినా కాఫీలో పంచదార చాలలేదనేవారు. ప్రార్థన మొదలుపెడితే వడ్డించిన అన్నం చల్లారిపోయేది. గవర్నరు గారి నుంచి హంసలదీవి పడవల దాకా అందరినీ తలిస్తే గానీ ఆమెన్ అనేవారు కాదు. "పరలోకానికి జనాభా లెక్కలు పంపుతోంది ఈవిడ" అని నేను గొణుక్కునేదాన్ని.

మా అమ్మాయి సంగతి చెప్పాలి. గుడివాడలో కాపురం. అల్లుడు చెయ్యి చేసుకోడు. ఆ ఒక్క మాట పట్టుకుని మా బంధువులంతా "ఇంకేం కావాలి?" అంటారు. కూరలో ఉప్పు తగ్గితే పది రోజులు మాట్లాడడు. నాతో ఫోన్ మాట్లాడితే స్పీకర్ పెట్టాలి. "నీకు బుర్ర లేదు, నేను కాబట్టి భరిస్తున్నాను" అని రోజూ నవ్వుతూనే అంటాడు. కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పే నా కూతురు, చీర రంగు కూడా అతన్ని అడిగి చెప్తానంటుంది!

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. సంఘంవాళ్లం ఒకరింట్లో చేరి ప్రార్థన చేసుకునే గృహకూటంలో లేచి నిలబడి, మా అల్లుడి మనసు మారాలని అందరూ ప్రార్థించమంటూ అంశం ఇచ్చాను. తప్పేముంది, అందరం ఇచ్చేదే కదా? నేను ఇల్లు చేరేలోపే అది గుడివాడ చేరిపోయింది. మర్నాడు అమ్మాయి ఫోన్: "నా పరువు తీశావమ్మా. ఇక నాకు ఫోన్ చెయ్యకు." నాలుగు నెలలు మాట లేదు.

పాస్టరమ్మ గారు వచ్చి నన్ను కడిగేశారు. "అంశం దేవుడికి చెప్పాలమ్మా, ఊరికి కాదు."

"మరేం చెయ్యమంటారండీ? పెద్దమనుషుల్ని తీసుకెళ్లి దాన్ని ఇంటికి తెచ్చేసుకుంటాను."

"తెచ్చేసుకోవడానికి అదేమైనా గ్యాస్ బండా? నువ్వు అతన్ని తిట్టినప్పుడల్లా అది అతన్ని వెనకేసుకొస్తుంది. నోరు మూసుకుని నాతో రా."

నోరు మూసుకోవడం నా వల్లయ్యే పనా! అయినా గుడివాడ బస్సెక్కాను. పాస్టరమ్మ గారు గృహ దర్శనానికి వస్తే ఎవరూ తలుపు వేసుకోరు, సంఘంలో మంచిపేరు కోసం పాకులాడే మా అల్లుడు అసలే వేసుకోడు. కుర్చీ లాక్కుని మా ఎదురుగానే కూర్చున్నాడు. తల్లీకూతుళ్లం ఒక్క మాట ఆడుకునే సందివ్వలేదు.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారావిడ. అందరం మోకరించాం. అతనూ కళ్లు మూసుకున్నాడు. గవర్నరు గారు అయ్యారు, నందివాడ వరిచేలు అయ్యాయి, హంసలదీవి పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చాయి. నేను కళ్లు తెరిచేసరికి అమ్మాయి నన్నే చూస్తోంది. ఎంత చిక్కిపోయిందో! చెయ్యి పట్టుకున్నాను. వెళ్లిపోదాం రావే అనే మాట నోటిదాకా వచ్చింది, మింగాను. అది నా చెవి దగ్గరకు వంగి, "ఇంకాసేపు చేస్తే బాగుణ్ణమ్మా" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ విన్నారో లేదో, ఘంటసాల ఊళ్లో మంచాన పడ్డవాళ్లందరినీ మొదలుపెట్టారు.

అలా నెలకోసారి, ఏడాదిన్నర వెళ్లాం. ప్రతిసారీ తిరుగు బస్సులో "ఇలా ఎన్నాళ్లండీ?" అని పోట్లాడేదాన్ని. "నువ్వు తలుపు తీసి ఉంచమ్మా. రావడం, మానడం దాని ఇష్టం" అనేవారు. ఒళ్లు మండిపోయేది. "మీకు కూతుళ్లు లేరు కాబట్టి అలాగే అంటారు" అని ఓసారి నోరు జారాను. ఆవిడ సంచిలోని జంతిక విరిచి సగం నాకిచ్చారు. ఆ మాటకు నేను క్షమాపణ అడగలేదు. ఇప్పుడెవర్ని అడగను?

భూస్థాపన రోజు అమ్మాయి వచ్చింది. ఒక్కతే, గుడివాడ బస్సు దిగి నేరుగా సమాధుల తోటకి. ఆవిడ మీద పిడికెడు మట్టి వేసి, నాతో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని వసారాలో కూర్చుంది. ఒళ్లో ఫోన్ మోగింది. అతనే. లాక్కుని నాలుగు దులిపేద్దామని చేతులు దురదపెట్టాయి నాకు.

"మోగనీ అమ్మా" అంది. "నువ్వేదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడనే?"

"ఏదైనా."

మొన్న బజార్లో పీతలు ఎంత బక్కగా ఉన్నాయో, ఆ చేపలావిడ నన్నెలా దబాయించిందో మొదలుపెట్టాను. ఫోన్ ఆగింది. మళ్లీ మోగింది. నేను గొంతు కాస్త పెంచి, రొయ్యల దగ్గరకొచ్చాను.