బోధన్‌లో జపానమ్మతో భోజనం

నిజామాబాద్ నుంచి బోధన్‌కి బస్సులో గంట ప్రయాణం. దాన్ని యాత్ర అంటే మా ఇంట్లో నవ్వుతారు. కానీ వెంట రెండున్నరేళ్ల పిల్ల ఉండి, ఆ పిల్ల నోట్లో పెట్టిన ముద్దను అరగంట బుగ్గన దాచుకునే రకమైతే, రెండు రోజుల ముందు నుంచే సామాను సర్దాలి. మా చిన్ని బరువు మూడు నెలలుగా పెరగలేదు. డాక్టరుగారు చూసి, “జబ్బేమీ లేదు, బాగా తినిపించండి” అన్నారు. ఆ రెండో మాట పట్టుకుని నేను పొద్దున లేచింది మొదలు గిన్నె, చెంచా పుచ్చుకుని దాని వెనకాలే తిరుగుతున్నాను.

అలాంటి రోజుల్లో అక్క బోధన్ నుంచి మా ఎదురింటి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి నన్ను పిలిపించింది. మా బావ అక్కడ ఒక చక్కెర మిల్లులో ఫిట్టరు. కొత్త యంత్రం బిగించడానికి జపాన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడట. ఆయన భార్య పగలంతా గెస్ట్‌హౌస్‌లో ఒక్కతే ఉంటోందని అక్క ఆమెను భోజనానికి పిలిచింది.

“మనింట్ల ఆమె గూడ ఏమో వండుతదట. నువ్వు ఇంగ్లీషు సదువుకున్నవు గద సుజాతా, రా. లేకుంటే మేం ఒకల మొకం ఒకలు సూసుకుంట కూసుంటం” అంది.

చిన్ని అక్కడ ఏం తింటుందోనని భయపడుతూనే ఒప్పుకున్నాను.

ఎనిమిదింటి బస్సు ఎక్కాం. కాచి చల్లార్చిన నీళ్లు, మెత్తగా కలిపిన పెరుగన్నం రెండు డబ్బాలు, అరటిపళ్లు, బిస్కెట్లు, నాలుగు గౌన్లు. ఒక పూటకు ఇంత సామానా అని కండక్టరు ఎగాదిగా చూశాడు. మీరెవరైనా ఈ దారిన వెళ్తే కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. పొద్దుటి ఎండ తగలదు. జానకంపేట గేటు దగ్గర రైలు కోసం బస్సు ఆగింది. ఆ పది నిమిషాలు ఎందుకు పోగొట్టుకోవాలని డబ్బా తెరిచాను.

పక్క సీట్లో కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దామె మమ్మల్నే చూస్తోంది. “ఎన్నోది బిడ్డా గా ముద్ద?” అని అడిగింది.

“మూడోది అవ్వా.”

“నేను సూస్తనే ఉన్న. మొదటిదే ఇంక బుగ్గల ఉన్నది.”

ముందు సీట్ల వాళ్లు కూడా తిరిగి చూసి నవ్వారు. కండక్టరు ఊరుకోలేదు. “గా బుగ్గల సామానుకు లగేజీ టికెట్ కొట్టాలె అక్కా!” అన్నాడు. నేనూ నవ్వాను కానీ, మొహం వేడెక్కింది.

ఎడపల్లి దాటాక చెరుకు బండ్లు వరుసగా కనిపించాయి. ఊరింకా కనపడకముందే కాగుతున్న చెరుకు రసం వాసన బస్సులోకి వచ్చేసింది. తొమ్మిదింబావుకి బోధన్‌లో దిగి, రిక్షా మాట్లాడుకుని అక్క ఇంటికి చేరాం.

పదకొండింటికి మిల్లు జీపులో ఆ ఇంజనీరు భార్య మిచికో గారు వచ్చారు. అరవై ఏళ్లుంటాయి. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే మొహం. గడప దగ్గర చెప్పులు విడిచి, మళ్లీ వంగి, వాటి ముందు భాగం వీధి వైపు ఉండేలా తిప్పి పెట్టారు. అక్క అత్తగారు రాజవ్వ అది చూసి, “లోపలికి రాకముందే పోవడానికి తయారు వెట్టుకున్నది!” అంది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్తే మిచికో గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ల దేశంలో అది మర్యాదట.

ఆమె వంట చూడ్డానికి అందరం పొయ్యి చుట్టూ చేరాం. అన్నం కావాలనే మెత్తగా వండించారు. అరచేతులు ఉప్పు నీళ్లతో తడుపుకుని, వేడన్నం పట్టుకుని, మూడు మూలల ముద్ద చేశారు. మధ్యలో పెట్టడానికి వాళ్ల ఊరి పుల్లటి పండు ఊరగాయ ఉండాలట. అది లేదు కాబట్టి రాజవ్వ మామిడికాయ తొక్కు అందించింది.

“గిది మా సద్ది ముద్దనే గదనే! చేన్లకు పోయేటప్పుడు నేను కట్టుకపోయేదే. దీనికోసం జపాన్ పోవాల్నా?”

తర్వాత ఆమె సంచిలోంచి నల్లటి పల్చటి కాగితాల్లాంటివి తీశారు. సముద్రపు నాచును ఎండబెట్టి చేస్తారట. దాన్ని ముద్దకు చుట్టాలి. అక్క వెనక్కి జరిగింది. రాజవ్వ మాత్రం ఒకటి వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పెట్టి చూసింది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన చెయ్యి ఆమెది. కత్తెర తెమ్మని, తునికాకు కత్తిరించినట్టు దాన్ని కత్తిరించి, చారెడు అన్నం పరిచి, ఒక్క దొర్లింపులో చుట్టి, కొసను గోరుతో లోపలికి మడిచేసింది. మిచికో గారు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. ఆ మెచ్చుకోలును ఇంగ్లీషు నుంచి మార్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

పన్నెండున్నరకు నేల మీద పీటలు వేసి కూర్చున్నాం. మిచికో గారు చేతులు జోడించి, తల వంచి, ఏదో చిన్న మాట అనుకుని మొదలుపెట్టారు. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. పచ్చిపులుసు గిన్నెను రెండు చేతులా ఎత్తి జుర్రుమని చప్పుడు చేస్తూ తాగారు. కాలేజీ రోజుల నుంచీ చప్పుడు కాకుండా తాగడం నేర్చుకున్న నేను కంగారుగా అందరి మొహాలూ చూశాను. రాజవ్వ మొహం వెలిగిపోతోంది. “గట్ల తాగితెనే రుచి. మా సుజాతకు చెప్పు జర!”

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మిచికో గారు ఒక్క మెతుకు లేకుండా కంచం ఖాళీ చేశారు. రాజవ్వ వెంటనే అన్నం వడ్డించింది. ఆమె అదీ తిన్నారు. మళ్లీ వడ్డించింది. మళ్లీ తిన్నారు. నాలుగోసారికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. “మస్తు తింటది సన్నగున్నా!” అని రాజవ్వ ఐదోసారి గరిటె ఎత్తింది.

మిచికో గారు నా వైపు వంగి మెల్లగా అడిగారు. “ఈ భోజనం ఎప్పుడు ముగుస్తుంది? మా ఇళ్లలో గిన్నె ఖాళీ చేస్తే చాలు, తృప్తిగా తిన్నాను అని అర్థం.”

నేను చెప్పగానే రాజవ్వ గరిటె గాలిలో ఆగిపోయింది. “అయ్యో నా తల్లీ! మా దిక్కు కంచం ఖాళీ అయితే ఇంక వెట్టుమన్నట్టు గద! ముందుగాల చెప్పొద్దా? తినవెట్టి తినవెట్టి నిన్ను సంపుతుంటి గద!” ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని కళ్లు తుడుచుకునేంత నవ్వారు.

ఆ నవ్వుల మధ్య నేను చిన్నికి పెరుగన్నం పెడుతూనే ఉన్నాను. గిన్నె సగం కాగానే డబ్బాలోంచి మళ్లీ నింపుతున్నాను. మిచికో గారు కాసేపు చూసి, “ఈ పాప గిన్నె ఎప్పుడూ ఖాళీ కాదా?” అని అడిగారు.

నిజమే. చిన్ని పుట్టాక ఒక్కసారైనా ఖాళీ గిన్నె చూసిందా? అది ఎంత తిన్నా అడుగు కనబడకుండా నింపింది నేనే.

మిచికో గారు ఉసిరికాయంత ముద్దలు మూడు చేసి, ఒక చిన్న స్టీలు గిన్నెలో వేసి చిన్ని ముందు పెట్టారు. నన్ను చేతులు వెనక్కి పెట్టుకోమని సైగ చేశారు. చిన్ని ముద్దల్ని పొడిచింది. ఒకదాన్ని గౌను మీద పడేసుకుంది. రెండో ముద్ద తీసుకుని కొరికింది, నమిలింది, మింగింది. కాసేపటికి మూడోదీ అయిపోయింది. గౌను మీద పడ్డదాన్ని కూడా ఏరుకుని తినేసింది. గిన్నెలోకి చూసింది. ఎవరూ ఏమీ వెయ్యలేదు. గిన్నె బోర్లించి చూసింది. ఎత్తి రాజవ్వకు చూపించి, “ఇంకోటి” అంది.

ఆ మాట దాని నోట నేను వినడం అదే మొదటిసారి. రాజవ్వ గరిటె పట్టుకోబోయింది. మిచికో గారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఒకే ఒక్క ముద్ద వేశారు.

నాలుగున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. రాజవ్వ నాచు చుట్టిన ముద్దలు రెండు కాగితంలో కట్టిచ్చింది. నా పెరుగన్నం రెండో డబ్బా మూత తియ్యకుండానే వెనక్కి వచ్చింది. జానకంపేట గేటు మళ్లీ పడే ఉంది. అక్కడ చిన్ని పొట్లం విప్పమంది. ఒక ముద్దను రెండు చేతులా పట్టుకుని కొరుక్కు తిని, చేతులు దులుపుకుని, భోజనానికి ముందు మిచికో గారు చేసినట్టే రెండు అరచేతులూ జోడించింది.

ఈసారి పక్క సీట్లో ఉన్న మరో ముసలామె విచిత్రంగా చూసింది. “గట్ల దండం వెడుతున్నదేంది బిడ్డ? సాలంటున్నదా, ఇంక వెట్టుమంటున్నదా?”

నా చెయ్యి అలవాటుగా రెండో ముద్ద మీదికి పోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, పొట్లం మళ్లీ కట్టేశాను.

“ఏమో అవ్వా, ఇంకా కావాలంటే అదే అడుగుతుంది” అన్నాను. గేటు లేచింది.