పేతురు భుజం

పంతొమ్మిది వందల ముప్పైలలో భీమడోలు దగ్గర మా క్రైస్తవ గుడి గోడ మీద బొమ్మ వేయడానికి ఏలూరు నుంచి ఒక చిత్రకారుడు వచ్చారు. ఆయన మన విశ్వాసి కాదు. అయినా కుంచె ముంచే ముందు ప్రతిసారీ, "ఏవండీ, ఆ వాక్యం ఇంకోసారి చదవండి" అనేవారు. పడవకు కుడిపక్కన వల వేయమని ప్రభువు శిష్యులతో అన్న మాట నేను మళ్లీ చదివేవాణ్ణి. పడవ మాకెదురుగా వస్తున్నట్టు వేశారాయన.

శనివారం సంఘపెద్ద చూసి మండిపడ్డారు. "వల ఎడమవైపు వేశారేంటండీ! రేపు ఆరాధనలోపు సున్నం కొట్టించేస్తాను."

"కుడి అంటే ఎవరి కుడండీ? చూసే మీదా, పడవలో ఉన్న పేతురుదా?" అన్నారు చిత్రకారుడు.

కొల్లేట్లో చేపలు పట్టే మా సంఘపు తాత లేచి, గోడ ముందు మావైపు తిరిగి నిలబడి, తన కుడిపక్కకి తువ్వాలు విసిరాడు. అది బొమ్మలో వలున్న వైపే పడింది!

"చూసేవోడు వలెయ్యడు కదండీ!"

పెద్దగారే ముందు నవ్వారు. బొమ్మ నిలిచిందని మేమంతా స్తోత్రం అంటూ కేకలు వేశాం. చిత్రకారుడు గారికి అవేమీ వినబడలేదు. "తాతగారూ, చెయ్యి దించకండి!" అంటూ, మూడు రోజులు కష్టపడి వేసిన పేతురు భుజాన్ని గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టారు.