ఆయన నంబరుకే వచ్చే ఓటీపీ

మేముండే ఈ అరబ్బు దేశంలో మా ఆయన రోడ్డు మీద ఫోన్ కార్డులు ఏరుకునేవాడు. పనివాళ్లు ఊళ్లకు మాట్లాడుకోవడానికి కొనుక్కుని, గోకి, నంబరు కొట్టి పారేసే కార్డులు. కోటో, ఒంటో, విమానమో, ఏదో ఒక బొమ్మ ఉంటుంది వాటి మీద. మత్రా బజారులో నేను బేరమాడుతుంటే ఆయన చూపు నేల మీదే. "హాస్పిటల్లో రోజంతా క్రిములతో వేగి వస్తాను, మళ్లీ ఇంట్లోకి ఈ చెత్తా?" అని అరిచేదాన్ని. నవ్వి, రుమాలుతో తుడిచి జేబులో వేసుకునేవాడు.

ఇలాంటి పిచ్చివాళ్లందరికీ ఇంటర్నెట్‌లో ఒక సైట్ ఉండేది. నాణేలు, స్టాంపులు, అగ్గిపెట్టెలు, ఎవరి దగ్గర ఏమున్నాయో ఫోటోలు పెట్టి రాసుకుంటారు. లేనివి అడుగుతారు, రెండేసి ఉన్నవి మార్చుకుంటారు. పోర్చుగల్ నుంచి ఎవరో ఒకాయన ప్రతి క్రిస్మస్‌కీ మా ఆయనకు శుభాకాంక్షలు పంపేవాడు. మా మరిది ఏనాడూ పంపిన పాపాన పోలేదు. ప్రతి కార్డు ఫోటో కింద రాసుకునే గడి ఒకటి ఉంటుంది, ఆ ఫోటో పెట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనబడదు. అందులో ఆయన తెలుగులో ఏదో రాసుకునేవాడు.

ఆయన పోయిన సంగతి రాయడానికి ఇప్పటికీ చేయి రాదు. అల్ మవాలేలో తను పనిచేసే షాపులో, పట్టపగలు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నేను నర్సుని. ఎంతమంది గుండెలు నొక్కి లేపానో. ఆయన దగ్గరికి చేరేసరికి మాత్రం ఒళ్లు చల్లబడిపోయింది. పెట్టెలో ఊరికి తీసుకెళ్లి, సమాధి చేసి, మళ్లీ డ్యూటీకి వచ్చేశాను. బతకాలిగా!

వచ్చాక ఆయన ఫోన్‌లో ఆ గడులు ఒకటీ రెండూ తెరిచాను. ఒకదాని కింద ఇలా ఉంది: "సముద్రం గట్టున బెంచీ కింద దొరికింది. ఈవిడ చెప్పు తెగింది. చెప్పు చేత్తో పట్టుకుని దారంతా నన్ను తిట్టింది. తిడుతుంటే ముక్కు ఎర్రబడుతుంది." వెక్కి వెక్కి ఏడ్చాను. మూడోది తెరవలేదు. ఎక్కడికి పోతాయిలే, మనసు కాస్త గట్టిపడ్డాక ఒక్కొక్కటే చదువుకుందాం అనుకున్నాను. మా కాపురం ఆయన కళ్లకు ఎలా కనబడిందో తెలియాలంటే నాకున్నది అదొక్కటే.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, సైట్ మూసేస్తున్నామని నోటీసు వచ్చింది. గురువారం రాత్రిలోగా ఎవరి రాతలు వాళ్లు దించుకోవాలట. ఈలోగా ఆయన ఫోన్‌లోని ఆ సైట్ యాప్ దానంతటదే అప్‌డేట్ అయి నన్ను బయటికి తోసేసింది. మళ్లీ లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలి. అదేమో ఆయన నంబరుకు వస్తుంది. ఆ నంబరు ఎక్కడుంది? ఇక్కడ ఉండనిచ్చే రెసిడెంట్ కార్డు రద్దయ్యాక ఆయన సిమ్ కూడా పోయింది. సైట్ వాళ్లకు మెయిల్ పెడితే యంత్రం జవాబిచ్చింది, ఓటీపీ కొట్టమని. దాని మొహం మండ!

ఆశ చావక బుధవారం ఆ నంబరుకే ఫోన్ చేశాను. ఎవరో ఎత్తారు.

"కౌన్ బోల్ రా?"

"ప్రభువా!" అనేశాను, ఆ నంబరు పలికినందుకే.

"తెలుగోళ్లా? ఎవరక్కా మీరు?"

జగిత్యాల వైపు మనిషట. ఇక్కడే ఖురంలో బిల్డింగ్ కట్టేచోట పని. కంపెనీ మళ్లీ అమ్మిన ఆ నంబరు సిమ్ ఈమధ్యే కొన్నాడు. "ఒక కోడ్ వస్తుంది తమ్ముడూ, చదివి చెప్తే చాలు" అన్నానో లేదో, గొంతు మారిపోయింది.

"ఓటీపీనా? గిట్లనే ఒకామె తియ్యగ మాట్లాడి నా జీతమంత ఊడ్చుకపోయింది. మల్ల ఫోన్ జేస్తే పోలీసోళ్లకు జెప్త!" అని పెట్టేశాడు.

ఒళ్లు మండిపోయింది. వెంటనే మళ్లీ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది మా ఆయన నంబరు, ఆయన చనిపోయాడు, ఆయన రాసుకున్న మాటలు నాకు కావాలి, నీ డబ్బు జోలికి రాను అని ఏడుస్తూనే చెప్పాను.

"సచ్చిపోయినాయన నంబరా అక్కా ఇది?"

"అవును నాయనా."

"అయ్యో. డ్యూటీల ఉన్న. రూమ్‌కు పోయినంక మావోళ్లను అడిగి రేపు జెప్త. నువ్వు ఏడ్వకు అక్కా."

నమ్మాడు. ఎన్నాళ్లకో ఆ పూట నాకు అన్నం తినబుద్ధయింది.

గురువారం పొద్దున చేస్తే స్విచాఫ్. మధ్యాహ్నం స్విచాఫ్. పేషెంటుకు సెలైన్ ఎక్కించి, బాత్‌రూమ్‌లోకి పోయి చేశాను. స్విచాఫ్. సాయంత్రం ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అతనే.

"అక్కా, దండాలు. నువ్వు జెప్పి మస్తు మంచి పని జేసినవు. సచ్చినోళ్ల నంబరు వాడద్దన్నరు మా రూమోళ్లు. రాత్రే సిమ్ము ఇరగ్గొట్టిన. పొద్దుగాల పోయి నంబరే క్యాన్సిల్ జేయించిన. చిన్న పిల్ల ఉన్నది గదా నాకు, భయమైతది. ఇది నా కొత్త నంబరు. ఇగ ఆ కోడ్ దీనికి పంపుమను, ఎంటనే సదివి జెప్త."

బూతులు నాలిక చివరి దాకా వచ్చాయి. ఏమని తిట్టను అతన్ని?

"దీనికి రాదు తమ్ముడూ" అన్నాను.

"ఎందుకు రాదక్కా? నువ్వు పంపుమను. నేను సూస్తుంట."

అన్నట్టే చూశాడు, పాపం. పొద్దున్నే పనికి పోవలసిన మనిషి పడుకోకుండా వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. "ఇంక రాలే అక్కా." "ఇంకోసారి పంపుమను అక్కా." పన్నెండు దాటాక నేను యాప్ తెరిచి చూశాను. మా పేజీ లేదు, ఎవరి పేజీ లేదు, ఉత్త తెల్ల తెర.

"వచ్చింది తమ్ముడూ, పని అయిపోయింది, ఇక పడుకో" అని రాశాను.