బరువు తగ్గాను, గారెలు మానలేదు

క్రిస్మస్ దగ్గరపడుతున్న రోజుల్లో అరిసెలకు పిండి దంచుతుంటే నా బొడ్డు దగ్గర లోపలెక్కడో ఏదో సడలినట్టు అనిపించింది. నొప్పి పెద్దగా లేదు. రోకలి గోడకు ఆనించి చేత్తో తడుముకుంటే చీర కుచ్చిళ్ల కింద నిమ్మకాయంత గడ్డ తగిలింది. పడుకుంటే లోపలికి పోయింది. లేచి నిలబడితే మళ్లీ బయటికి వచ్చింది.

అప్పటికి నాకు నలభై నిండలేదు. గురజాలలో మిషన్ బడిలో మూడో తరగతి టీచర్‌ని. నలుగురు పిల్లల తల్లిని. కాన్పు కాన్పుకూ పెరిగిన ఒళ్లు తగ్గడమన్నది లేకుండా ఉండిపోయింది. నడిస్తే ఆయాసం. బల్ల మీద నుంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. మా ఆయన దానియేలు సాగర్ కాలువ పనుల్లో మేస్త్రీ. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవారు. ఇంటి పెత్తనం మా అత్త సారమ్మది. నోరు గట్టిది, చెయ్యి పెద్దది. మనిషి మీద ప్రేమ కలిగితే కంచంలో ఇంకో గరిటె వెయ్యడం తప్ప ఆమెకు వేరే మాట చేతకాదు.

"ఏమే మార్తా, ఎందుకట్టా పొట్ట పట్టుకోని నిలబడ్డావు? ఒంట్లో బాగలేదా ఏంది?" అంది అత్త.

చూపించాను. వేళ్లతో నొక్కి చూసేసరికి ఆమె మొహం మారిపోయింది. "పండగ పని పండగదేలే. పొద్దున్నే నరసరావుపేట పోదాం పా" అంది.

నరసరావుపేటలో ఒక లేడీ డాక్టర్ ఉండేవారు. ఆపరేషన్లు కూడా ఆమే చేసేవారు. నన్ను పడుకోబెట్టి, దగ్గమని, లేచి నిలబడమని చూశారు. "ఇది అంబిలికల్ హెర్నియా అమ్మా. పొట్ట గోడ బలహీనపడి పేగు బయటికి తోసుకొస్తోంది. ఆపరేషన్ చేసి కుట్టాలి" అన్నారు. తర్వాత బీపీ చూసి, తూకం వేసి, కుర్చీలో వెనక్కి వాలారు. "కానీ ఇప్పుడు చెయ్యను. బీపీ ఎక్కువగా ఉంది. ఈ బరువుకి అనస్థీషియా ఇవ్వడం రిస్క్. కుట్టినా కుట్లు నిలవవు. బరువు తగ్గి రండి."

వెళ్లబోతుంటే ఆపి మరో మాట చెప్పారు. "గడ్డ ఎప్పుడైనా లోపలికి పోకుండా గట్టిపడిపోయి, వాంతులు మొదలైతే ఇంట్లో కూర్చోవద్దు. ఉన్నవాళ్లు ఉన్నట్టు బయల్దేరి రండి. అది ప్రాణం మీదికి వస్తుంది."

పొట్టకు కట్టుకోమని ఒక బెల్ట్ ఇచ్చారు. నాలుగో పిల్ల ఇంకా నా కొంగు వదలని వయసులో ఉంది. దాన్ని తలుచుకుని, ఇక ఇష్టమైనదేదీ నోట పెట్టకూడదని తిరుగు బస్సులోనే తీర్మానించుకున్నాను.

ఆ తీర్మానమే నన్ను ఇంకో రోగంలోకి దించింది. పొద్దున పల్చటి జొన్న గంజి, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి మళ్లీ గంజి. ఇంటిల్లిపాదీ పండుమిరప పచ్చడి కలుపుకుని తింటుంటే నేను లేచి పెరట్లోకి పోయేదాన్ని. ఆదివారం ఇంట్లో నాటుకోడి కూర ఉడుకుతుంటే గుడిలో నాకు పాట మీద ధ్యాస నిలిచేది కాదు. ఒకరోజు బడిలో ఎక్కాలు చెప్పిస్తుండగా కళ్లు తిరిగి బల్ల మీదికి ఒరిగిపోయాను. పిల్లలు అరిచిన అరుపులకు పక్క తరగతి పంతులుగారు పరుగెత్తుకొచ్చారు.

పగలంతా అలా మాడి, సాయంత్రం బడి నుంచి రాగానే సామాన్ల గదిలోకి పోయేదాన్ని. అరిసెల డబ్బా అక్కడే ఉండేది. నిలబడే, తలుపు వైపు చూస్తూ, నమలకుండా మింగేదాన్ని. రుచి కూడా తెలిసేది కాదు. చివరిది మింగాక ఏడుపొచ్చేది. దేవుడికి క్షమాపణ చెప్పుకుని, మర్నాడు ఆ గంజి కూడా సగం తగ్గించేదాన్ని. ఆ సాయంత్రం మళ్లీ డబ్బా.

రెండు నెలలయ్యాక డాక్టరమ్మ దగ్గరికి వెళితే బరువు తగ్గకపోగా పెరిగింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఏం తింటున్నారు?" అని అడిగారు.

"గంజి, మజ్జిగ అండీ" అన్నాను.

వెనక నిలబడ్డ అత్త ఊరుకోలేదు. "గంజి తాగుద్ది డాక్టరమ్మా, అది నిజమే. సాయంత్రం పూట అరిసెలు కూడా తింటది. డబ్బా నేను సర్దుకుంటా గదా, నాకు తెలవదా? పాపం, దాక్కోని తింటంటే అడగబుద్ధి గాక నేనే మళ్లీ నింపి పెడతన్నా."

ఆ మాటకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. డాక్టరమ్మ మాత్రం పెద్దగా నవ్వారు. నవ్వి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.

"దొంగతనం చేసినట్టు ఎందుకమ్మా ఆ ఏడుపు? మీరు తిన్నది మీ ఇంటి అరిసె. నేను తగ్గించమన్నాను. మానమని ఎప్పుడన్నాను? మీకు అన్నింటికన్నా ఇష్టమైనది ఏంటో చెప్పండి."

"గారెలు, కోడికూర" అన్నాను, సిగ్గుపడుతూ.

అత్త సంచిలో నుంచి టిఫిన్ క్యారియర్ తీసి బల్ల మీద పెట్టింది. సరిగ్గా అవే ఉన్నాయి అందులో. తిరుగు ప్రయాణంలో నేను కళ్లు తిరిగి పడిపోతానేమోనని తెల్లవారకముందే లేచి వండిందట. డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చారు. లోపలి నుంచి మూడు పళ్లేలు తెప్పించారు. మా ముగ్గురికీ తలా ఒక గారె, రెండు ముక్కలు, కాస్త పులుసు వడ్డించారు.

"కూర్చొని తినండి. తొందరేం లేదు. నమిలి, రుచి చూసి, తర్వాత ఇంకో ముక్క తుంచుకోండి."

తిన్నాను. గారెలో మిరియపు గింజ పంటికి తగిలింది. అల్లం తగిలింది. పులుసు పీల్చుకున్న చోట మెత్తగా, అంచు దగ్గర కరకరలాడుతూ ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గారెలు తింటున్నాను గానీ, అవి అంత రుచిగా ఉంటాయని ఆ రోజే తెలిసినట్టయింది. పళ్లెం ఖాళీ అయ్యాక ఆమె అడిగారు. "ఇంకోటి కావాలా? మొహమాటం లేకుండా చెప్పండి."

నిజంగానే ఆలోచించి చూసుకున్నాను. అక్కర్లేదనిపించింది. ఆ సంగతి నాకే నమ్మబుద్ధి కాలేదు.

అత్త మాత్రం రెండోది వేసుకుంది.

డాక్టరమ్మ అప్పుడు చెప్పిన పద్ధతి చాలా సులువు. అన్నం సగానికి తగ్గించి, ఆ చోటు పప్పుతో, ఆకుకూరతో, కూరగాయలతో నింపాలి. రాత్రికి జొన్నరొట్టె. పొద్దున పూట మాత్రం పస్తుండకూడదు. బెల్ట్ కట్టుకుని రోజూ నడవాలి. బీపీ ఉంది కాబట్టి పచ్చళ్లలో ఉప్పు తగ్గించాలి. ఆదివారం కోడికూర, పండగ రోజు పిండివంట హక్కుగా తినాలి. "కంచంలో పెట్టుకుని, అందరితో కలిసి తినండి. తిన్నాక ఏడవకండి. అదే నా మందు" అన్నారు.

ఆ రోజు నుంచి మా అత్త ఆ మందుకు కాపలా అయింది. అరిసెలు చంటిపిల్ల అరచేతి అంత చేసింది. మా ఆయన శనివారం వచ్చి చూసి, "అమ్మా, ఇయ్యి అరిసెలా, చొక్కా గుండీలా?" అన్నారు.

"నీకు పెద్దయి వేరే చేశాలేరా. నోరు మూసుకోని తిను" అంది అత్త.

నేను రోజుకొక గుండీ తినేదాన్ని. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని తినేదాన్ని. దారినపోయే వాళ్లు "టీచరమ్మా, ఏం తింటన్నారు?" అంటే చూపించేదాన్ని. ఆ తర్వాత అత్తా నేనూ చేల గట్ల వెంబడి నడకకు బయల్దేరేవాళ్లం. నాకు తోడంటూ వచ్చేది గానీ దారి పొడవునా ఎవరి చేలో గోంగూర లేతగా ఉందో చూసి ఒడి నింపుకునేది.

ఊళ్లో మనుషుల్ని తూచే మిషన్ లేదు. పత్తికొట్టు వెంకటప్పయ్య బాబాయి దగ్గర బస్తాలు తూచే పెద్ద తక్కెడ ఉండేది. నేను సిగ్గుపడతానని ఆయన కొట్టు తలుపు ఓరగా వేసి, గుమాస్తాను టీకి పంపి, నన్ను పళ్లెంలో కూర్చోబెట్టి రెండో వైపు రాళ్లు పెట్టేవాడు. మొదటిసారి సరితూగిన రాళ్లను గుర్తుపెట్టుకుని, మూడో నెలలో మళ్లీ అవే పెట్టాడు. నేను కూర్చున్న పళ్లెం మెల్లగా పైకి లేచింది. నా కాళ్లు నేల వదిలాయి.

"లేచింది! మా కోడలు గాల్లోకి లేచింది!" అని అత్త చప్పట్లు కొట్టింది. ఓరగా వేసిన తలుపు దగ్గర ఎంతమంది చేరారో చెప్పలేను. నాకు ఏ సిగ్గూ కలగలేదు. తక్కెడ గొలుసు పట్టుకుని ఊగుతూ నవ్వుతూ కూర్చున్నాను.

అన్ని రోజులూ అలా సాగలేదు. ఎండాకాలంలో ఒక పొద్దున గడ్డ రాయిలా గట్టిపడింది. ఎంత నొక్కినా లోపలికి పోలేదు. రెండుసార్లు వాంతి అయింది. డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి అత్తను కేకేశాను. వెంకటప్పయ్య బాబాయి తన పత్తి లారీలో ముందు సీట్లో మమ్మల్ని కూర్చోబెట్టి పంపాడు. దారి పొడవునా నేను ఒకే మాట అంటూ ఏడ్చాను. "రాత్రి మామిడిపండు తిన్నానత్తా. తినకుండా ఉండాల్సింది."

"ఊరుకోవే. పండు తిన్నోళ్లందరూ చస్తన్నారా?" అంది గానీ, లారీని ఇంకా తొందరగా పోనిమ్మని డ్రైవర్‌ని తొందరపెడుతూనే ఉంది.

డాక్టరమ్మ మంచం కాళ్లవైపు ఎత్తు పెట్టించి, ఇంజెక్షన్ ఇచ్చి, చాలాసేపు చేత్తో మెల్లగా నొక్కారు. ఒక్కసారిగా గడ్డ లోపలికి జారిపోయింది. ప్రాణం లేచివచ్చినట్టయింది. అప్పుడు కూడా నేను మామిడిపండు సంగతే చెప్పుకున్నాను.

"మామిడిపండు ఇక్కడ ఇరుక్కోదమ్మా, ఇరుక్కున్నది పేగు" అన్నారామె చెమట తుడుచుకుంటూ. "పొద్దున ఏదైనా బరువు ఎత్తారా?"

నిండు నీళ్ల బిందె ఎత్తి చంకన పెట్టుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"అదీ అసలు కారణం. బిందె మానండి, పండు కాదు." రెండు రోజులు ఉంచుకుని చూశారు. బీపీ చూసి, తూకం వేసి, కాగితం మీద రాసుకుంటుంటే ఆమె మొహం విప్పారింది. "ఇంకా కొంచెం తగ్గితే బాగుండేది. కానీ మళ్లీ ఇరుక్కుంటే ఈసారి చేతికి లొంగకపోవచ్చు. బీపీ దారికొచ్చింది. ఇప్పుడు నేను ధైర్యంగా చేస్తాను."

మా ఆయన కాలువ మీద నుంచి వచ్చి సంతకం పెట్టారు. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఆదివారం కోడి కొయ్యనులే, నువ్వొచ్చినాకే" అన్నారు. నవ్వుతూనే లోపలికి వెళ్లాను.

కళ్లు తెరిచేసరికి పొట్ట నిండా కట్టు, గొంతులో మంట. మొదట తడి దూదితో పెదాలు తడిపారు. మర్నాడు బార్లీ నీళ్లు, తర్వాత పాలు, ఆ తర్వాత మెత్తటి అన్నంలో చారు. అత్త నర్సమ్మ వెంటపడి, "కోడి రసం ఎప్పుడు పెట్టమంటావమ్మా?" అని పూటకోసారి అడిగేది. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోవాలని నేర్పారు. నవ్వొచ్చినా అదే పని చెయ్యాల్సొచ్చేది, మా అత్త పక్కనుంటే నవ్వు రాకుండా ఉండదు కాబట్టి. ఒక కుట్టు దగ్గర చీము పట్టి వారం ఎక్కువ ఉండాల్సొచ్చింది. అయినా గాయం చక్కగా మానింది.

ఇల్లు చేరిన కొన్ని నెలలకు వెల్దుర్తిలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి జరిగింది. భోజనాల పంక్తిలో కూర్చున్నాను. వడ్డించే అబ్బాయి విస్తట్లో రెండు బూరెలు వేశాడు. ఒకటి తియ్యమన్నాను. రెండోది చిదిమి, మధ్యలో నెయ్యి పోయించుకున్నాను. ఎదురు వరసలో ఒకావిడ పక్కామెతో, "ఆపరేషన్ అయినా బుద్ధి రాలా చూడు. బూరెలో నెయ్యి!" అంది, నాకు వినబడేలాగే.

పాత రోజులైతే ఆ బూరె విస్తరి కింద దాచేసేదాన్ని. అత్త నోరు తెరవబోతుంటే మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను.

"బుద్ధి వచ్చింది వదినా. అందుకే ఒకటి వెనక్కిచ్చా, ఇది మాత్రం మనసారా తింటన్నా. మీరు కూడా నెయ్యి పోయించుకోండి, ఆవునెయ్యి, చానా బాగుంది" అన్నాను.

ఆవిడ ఒక క్షణం నా వైపు చూసి, పకపకా నవ్వి, తన బూరె కూడా చిదిమింది.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. హెర్నియా మళ్లీ రాలేదు. ఒళ్లు సన్నబడిందని చెప్పను గానీ, బడికి నడిచి వెళ్లి నడిచి వస్తున్నాను. బీపీ అదుపులో ఉంది. మా ఆయన పనిచేసిన కాలువకు నీళ్లొచ్చి, జొన్న వేసే మా చేలో మొన్న మొదటిసారి వరి పండింది. ఆ కొత్తబియ్యం అన్నం వాసనకే పిల్లలు వంటింట్లో చేరారు. అత్త నా కంచంలో వేసింది ఎప్పటి కొలతే. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్క, నాలుగు చుక్కల నెయ్యి. చివరి మెతుకు దాకా తిని, కంచం కడిగి బోర్లించాను. మనసులో ఏ బెంగా లేదు.

బరువు తగ్గమని డాక్టరు చెప్పిన అక్కచెల్లెళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీకు ప్రాణప్రదమైన వంటకాన్ని మానకండి, దాచుకుని కూడా తినకండి. కొంచెమే వడ్డించుకుని, పీట వేసుకుని కూర్చుని, మీ వాళ్ల మధ్య నెమ్మదిగా తినండి.