మామ వెనక్కి నడిచిన వంతెన

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే. ఆ రోజుల్లో కొత్త కోడలు మామకు ముఖం చూపించకపోవడమే కాదు, గొంతు కూడా వినిపించకూడదు. మర్ఖేల్ నుంచి నాందేడ్‌కు కాపురానికి వచ్చి, ఎండాకాలం దాకా ఆ ఇంట్లో మూగదానిలాగే తిరిగాను. మామ లోపలికి వచ్చే ముందు దగ్గేవాడు, నేను తలుపు చాటుకు పోయేదాన్ని. మా ఇద్దరి మధ్య మాటామంతీ అంతే.

గోదావరి తగ్గినప్పుడు అవతలి ఇసుకలో మావాళ్లు పుచ్చతోట వేసేవారు. మధ్యలో మిగిలిన లోతు పాయ మీద గుంజలు పాతి, చెక్కలు పరిచి, మనుషులు నడవడానికి ఒక వంతెన కట్టేవారు (వంతెన అనడం మర్యాదకే, ఒకరు నడిస్తే రెండోవారికి చోటుండదు). ఒకరోజు అత్త నా నెత్తిన రొట్టెల గంప పెట్టి, "తోటకాడ మీ మామ ఉన్నడు. గుడిసె ముంగట పెట్టి పక్కకు జరుగు, ఎదురుంగ పోకు" అంది.

నడిమధ్యకు వచ్చి కొంగు సందులోంచి చూద్దును కదా, ఆకలికి ఆగలేక మామే ఎదురొస్తున్నాడు. చాటుకు పోదామంటే చుట్టూ నీళ్లే. ఆయన దగ్గాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నా వెనక మజ్జిగ కుండతో వస్తున్న మరాఠీ అవ్వ "కాయ్ గ, పుఢే చల్" అని నడుములో పొడిచి ముందుకు తోసింది. అది చూసి మామే తల దించుకుని వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు (తిరిగి నడవొచ్చని పాపం ఆయనకూ తోచలేదు).

అప్పుడు చూశాను. ఆయన దాటి వచ్చిన చోట కట్టు తెగి ఒక చెక్క నీళ్లలోకి జారిపోయింది. ఆయన మడమలు ఆ ఖాళీ వైపే పోతున్నాయి. మామకు ఈత రాదు. నోరు తెరిస్తే అత్త ఏమంటుందో, తెరవకపోతే ఆ అత్త గతి ఏమవుతుందో. గుండె గొంతులోకి వచ్చింది. దాని వెంటే, పుట్టింట్లో బర్రెలను మళ్లించే కేక కూడా వచ్చింది.

"హోయ్, ఆగు. ఆడ్నే ఆగు."

మామ ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాడు. మెల్లగా వెనక్కి చూసి, ఉన్న చెక్క మీదే కూలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నీళ్లవైపు చూస్తూనే, "గంప దించు బిడ్డా" అన్నాడు. "ఓ రొట్టె తిని లేస్త. కాళ్లు వణుకుతున్నయ్."

(చివరికి మజ్జిగ అవ్వే తిట్టుకుంటూ వెనక్కి మళ్లింది, ఆమె వెనక నేను, నా వెనక మామ.)

కబురు మాకన్నా ముందే ఇల్లు చేరినట్టుంది. "ఏమే, మామను ఆగు అన్నవంట?" అని గడపలోనే అడిగింది అత్త. నేను తలుపు చాటుకు పోబోతుంటే మామే అందుకున్నాడు. "అన్నది, ఆగిన. నువ్వు చెప్తె గింత జల్ది ఎన్నడన్న ఆగిన్నా?"

ఆ తర్వాత వంతెన దాటాల్సి వస్తే ఆయన నన్నే ముందు నడవమనేవాడు. కోడలు ముందు నడవడమేమిటని వీధి వీధంతా నవ్వేది. కొంగు కింద వణికిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. తనకన్నా ఆయనే ఎక్కువ భయపడ్డాడని పిచ్చిదానికేం తెలుసు. మీ ఇంటి పెద్దల అడుగు తడబడకుండా ఉండాలి, పిల్లల గొంతు ఎవరికీ బరువు కాకుండా ఉండాలి. చల్లగా బతకండి.