దివిసీమ బడిలో నేను చేరని ఉద్యోగం

పంతులమ్మ ఉద్యోగానికి ఆర్డరు చేతపట్టుకుని మొదటిసారి దివిసీమ వెళ్ళబోయే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. నాకెవరూ చెప్పలేదు, మీకైనా తెలియాలి. మా అమ్మ గుడివాడలో ఓ ఆసుపత్రిలో ఆయాగా చేసి నన్ను టీచరు ట్రైనింగు చదివించింది. ఆవిడ ఇక నిలబడి పనిచెయ్యలేని స్థితికి వచ్చిన ఏడాదే నాకు నాగాయలంక అవతల ఓ పల్లెలో పోస్టు వచ్చింది. గడువు రోజు సాయంత్రం ఐదింటిలోగా చేరకపోతే ఆర్డరు చెల్లదు. అమ్మ ఉద్యోగం మానడం ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది.

తోడు రావడానికి ఇంట్లో మగవాళ్ళు లేరు. గడువు రోజునే పొద్దున్న ఆరింటి రైలెక్కాను, బందరుకు టిక్కెట్టు రూపాయి లోపే. పెడనలో రైలాగితే వాకిళ్ళలో ఆడవాళ్ళు అప్పటికే నూలు చుడుతూ కనిపించారు. బందరులో ఇడ్లీ తిని, తొమ్మిదింటి బస్సులో అవనిగడ్డ చేరి, అక్కడ గంటన్నర పడిగాపులు కాసి, ఇంకో బస్సులో నాగాయలంక వెళ్ళాను. అక్కణ్ణించి పల్లెకు రెండు మైళ్ళు. ఒంటెద్దు బండికి అర్ధరూపాయి. "ఒక్కరే వచ్చారా అండీ?" అని బండతను మూడుసార్లు అడిగాడు. నాకప్పుడే అర్థం కావలసింది.

రెండింటికి బడి చేరాను. హెడ్మాస్టరుగారు కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించారు. సంతోషం పట్టలేక, నోరు ఊరుకోక, "ఊళ్ళో ఓ గది అద్దెకు దొరుకుతుందాండీ?" అని అడిగాను.

"మీవారేం చేస్తారమ్మా?"

"పెళ్ళి కాలేదండీ."

"పోనీ, నాన్నగారు వచ్చి ఉంటారా?"

"లేరండీ. నేనొక్కదాన్నే."

ఆయన కలానికి మూత పెట్టేశారు. "టీచరు ఊళ్ళోనే ఉండాలని రూలమ్మా. ముందు ఇల్లు చూసుకురండి, తరువాత చేర్చుకుంటాను."

మొదటి ఇంట్లో "పెళ్ళీడు పిల్లలున్న కొంపమ్మా" అన్నారు. రెండో ఇంట్లో ఖాళీ గది కళ్ళెదుటే ఉంది, లేదన్నారు. మూడో ఇంట్లో ఓ ముసలావిడ "అదెంత భాగ్యం, ఉండమ్మా" అంటూ పాపం మంచం కూడా వాల్చింది. ఇంతలో కొడుకు వచ్చాడు. "మా అమ్మకేం తెలుసండీ! రేపు నలుగురూ నాలుగు మాటలంటే ఎవరిదండీ పూచీ?" ఆవిడ మంచం ఎత్తి గోడకు చేర్చింది.

నాలుగున్నరకు బడికి తిరిగొచ్చేసరికి హెడ్మాస్టరుగారు నా ఆర్డరు మీద "వసతి నచ్చక, చేరడానికి ఇష్టపడలేదు" అని రాసి ఉంచారు.

"నేనెప్పుడన్నానండీ ఆ మాట?"

"మీ మంచికేనమ్మా. ఆరింటికి ఆఖరి బస్సు. అది తప్పితే ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

ఒళ్ళు మండిపోయింది. కానీ నిజమే, ఎక్కడ పడుకుంటాను? సంతకం పెట్టాను.

ఏడుస్తూ గట్టు మీద నడుస్తుంటే, చేలో నాట్లేస్తున్న ఒకావిడ పలకరించి సంగతంతా అడిగింది. విని, నడుం ఎత్తి నవ్వింది. "మేం పొరుగూళ్ళనించి ఇరవైమంది ఆడోళ్ళం నాట్లకొచ్చాం పంతులమ్మగారూ. ఆ హెడ్మాస్టరుగారి పశువుల సావిట్లోనే పడుకుంటన్నాం. మగతోడేదీ అని ఎవరూ అడగలేదే!"

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. బురదలో వంగే ఆడదాని పరువు గురించి ఆ ఊళ్ళో ఎవరికీ బెంగ లేదు, కుర్చీలో కూర్చోబోయేదాని గురించే అంత బెంగ. థూ! ఇంటికొచ్చి అమ్మకు జరిగింది చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ గోడ పట్టుకుని లేచి డ్యూటీకి వెళ్ళిపోయింది.

వెళ్ళే అమ్మాయిలకు ఒక్కటే చెబుతున్నాను. జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకుని, కాగితం మీ సంచిలో పడ్డాకే ఇంటి మాట ఎత్తండి.